వీధంతా మా అయ్యని అడిగిన రోజు

నా చిన్నప్పుడు మేము రంగూన్‌లో, పజుండౌంగ్ కాలువ ఒడ్డున, బియ్యం మిల్లుల వెనక లైన్లనే కూలీల వరస ఇళ్ళలో ఉండేవాళ్ళం. మా వాళ్ళెవరికీ రంగూన్ అని నోరు తిరిగేది కాదు, రంగం అనేవారు. మా అయ్య మిల్లులో బస్తాలు మోసేవాడు, అమ్మ అక్కడే గోనె సంచులు కుట్టేది. నేను తమ్ముణ్ణి చంకనేసుకుని పొద్దస్తమానం వీధులు కొలిచేదాన్ని. లైన్లలో పిల్లలందరిదీ అదే పని. బడి అనేది ఒకటుందని మాకు తెలుసు, అది మాకోసం కాదనీ తెలుసు.

మా పక్కింటి అక్క ఇది ఒప్పుకోలేదు. వాళ్ళ నాన్న మా శ్రీకాకుళం వైపు మనిషి, అమ్మ బర్మా ఆవిడ. రెండు భాషలూ, రెండు లిపులూ అక్కకి వచ్చు. తన ఇంటి చెక్క వరండాలో చదువు చెబుతానని లైన్లంతా తిరిగి పిలిచింది. ఒక్క పురుగూ వెళ్ళలేదు. అప్పుడు మహాతల్లి ఏం చేసిందంటే, పాత కిరసనాయిలు డబ్బాలు కోయించి, మా ఊళ్ళ వైపు గుండెకి కట్టుకుని వాయించే తప్పెటల్లాంటివి చేయించింది. తప్పెట కొడదాం రండర్రా అనేసరికి లైన్లు ఖాళీ అయిపోయాయి. తీరా వెళ్ళాక తిరకాసు పెట్టింది. పలక మీద రాసిన పాట చదివినవాళ్ళకే డబ్బా. మేము డబ్బా కోసం అక్షరాలు మింగాం. నేనైతే తమ్ముణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని మరీ మింగాను. చదువు ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదేమిటా అని నాకు ఒకటే ఆశ్చర్యం.

ఈ సంగతి మా అయ్యకి తెలిసింది. ఆయన కోపం లైన్లన్నిటికీ తెలిసినదే.

“ఆడగుంటకి సదువేటే? పండగెల్లాక అమ్మతోటి మిల్లుకెల్లి సంచులు కుట్టు” అన్నాడు.

ఎదురు మాట్లాడే ధైర్యం నాకెక్కడిది. వెళ్ళి అక్క దగ్గర ఏడ్చాను. అక్క నా కళ్ళు తుడిచి, అయ్యకి చెప్పాల్సింది పాటగా కట్టుకోమంది.

ఆ పండుగ తింజాన్, ఎండాకాలంలో వచ్చే నీళ్ళ పండుగ. పండుగ రోజుల్లో వీధివీధికీ ఎత్తైన చెక్క వేదికతో పందిరి వేసి, కుర్రాళ్ళు తంజాట్ చెబుతారు. ఒకరు ఓ మాట అంటే, గుంపంతా డప్పు దెబ్బకి ఆ మాటే తిరిగి అరుస్తుంది. దాంట్లో ఎవరినైనా ఏమైనా అనవచ్చు, ఏదైనా అడగవచ్చు. పెద్దవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు, అది అక్కడి కట్టుబాటు. లైన్ల పిల్లల్ని పందిరెక్కించడానికి బర్మా కుర్రాళ్ళు ముందు ముఖం చిట్లించారట. మా డబ్బాల మోత విన్నాక వాళ్ళే వచ్చి పిలిచారు.

మావాళ్ళు ముందుగా పేట పెద్దని మంచినీళ్ళ కొళాయి అడిగారు. జనం ఈలలు వేశారు. తరువాత నా వంతు. ఎదురుగా మా అయ్య, తడిసి ముద్దయి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్క డబ్బా కొట్టింది. నేను నోరు తెరవలేదు. మళ్ళీ కొట్టింది. అంతే, నేను చెప్పకుండానే వెనకనున్న బర్మా కుర్రాళ్ళంతా ఒక్క గొంతుతో తెలుగులో అందుకున్నారు.

“అయ్యా, నన్ను బడికి పంపు!”

ఒక్క ముక్క తెలుగు రాని ఆ కుర్రాళ్ళకి అక్క ముందే నేర్పి పెట్టిందన్నమాట. బారెడు మీసాలున్నవాళ్ళు కూడా మా అయ్యని పట్టుకుని అయ్యా అంటుంటే వీధి వీధంతా పొట్టలు పట్టుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అది నా మాట, నేను కట్టుకున్న మాట. భయం ఎటుపోయిందో గాని, గొంతు చించుకుని నేనే అరిచాను. గుంపు మళ్ళీ అంది. ఈసారి వీధి కూడా అంది.

మా అయ్య గబగబా పందిరి దగ్గరికి వచ్చాడు. అయిపోయాను అనుకున్నాను. ఆయన ఒకడి మెడలోంచి డబ్బా తీసి తన గుండెకి తగిలించుకున్నాడు. ఊళ్ళో ఉండగా తప్పెటగుళ్ళు ఆడేవాడని అమ్మ చెప్పడమే గాని నేను చూసి ఎరగను. ఒక్క దరువు వేశాడు, నా ఒళ్ళు ఝల్లుమంది.

“తమ్ముణ్ణెవలు సూత్తారే గుంటా?” అని పాడాడు. గుంపు తడబడుతూనే ఆ మాటా అంది.

“సంకనేసుకెల్తానయ్యా!” అన్నాను.

“అమ్మతో మిల్లుకెవలెల్తారే గుంటా?”

గుంపు ఆయన ప్రశ్నను తిరిగి అనేసి నా వైపు చూసింది. అప్పుడు జనంలోంచి మా అమ్మ గొంతు వచ్చింది.

“నానొక్కదాన్నీ సాలనేటి?”

నలుగురిలో మా అమ్మ గొంతు వినడం నాకు అదే మొదలు. ఆ మాటని గుంపు అందుకుంది, పందిరి కింద ఆడవాళ్ళు అందుకున్నారు, అర్థం తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ అందరూ అన్నారు. మా అయ్య దరువు ఆపేసి అమ్మ వైపు చూశాడు. తరువాత పగలబడి నవ్వాడు.

“ఎల్లు మరి” అన్నాడు నాతో. ఎవరో వెనకనుంచి ఆయన మెడ మీద కుండెడు నీళ్ళు కుమ్మరించారు. నేను సంతోషం పట్టలేక పందిరి మీదే గంతులేశాను.

పండుగ వెళ్ళిన మర్నాడు తమ్ముణ్ణి చంకనేసుకుని, దర్జాగా, వీధి మధ్యలోంచి నడిచి అక్క వరండా ఎక్కాను.

ఇప్పుడు నాకు మునిమనవలు ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా భయపడుతూ వచ్చి ఏదైనా అడిగితే నేను వెంటనే ఔననీ అనను, కాదనీ అనను. ముందు వాళ్ళు అడిగిన మాటని అడిగినట్టే నా నోటితో ఒకసారి పైకి అంటాను. పెద్దదానికి మతి పోయిందని వాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. అలా అన్న తరువాత కాదనడం మాత్రం నాకు ఇంతవరకూ చేతకాలేదు.