గుణింతం సంగతి చెప్పడానికి ఇంటికొచ్చిన టీచరమ్మ

నిన్న పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే బాపట్ల నుంచి ఫోన్. కరుణమ్మ టీచర్ గారి అమ్మాయి సుజాత.

"అక్కా, అమ్మ వెళ్లిపోయింది" అంది.

ఎక్కడికి అని అడిగాను.

నిజంగానే అలా అడిగాను. మొన్న ఆదివారమే ఆవిడతో మాట్లాడాను మరి. చర్చిలో ఫ్యాన్ తిరగట్లేదని విసుక్కున్నారు. నేను ఫోన్ చేయడం లేటయిందని ఇంకోసారి విసుక్కున్నారు. అలాంటి మనిషి నిద్రలోనే పోయారంటే ఎలా నమ్మేది?

బ్యాగు భుజానికి అలాగే ఉంచుకుని గుమ్మంలో కూర్చుండిపోయాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. ఎనభైల్లో రేపల్లె దగ్గర మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచర్. రోజూ రేపల్లె నుంచి బస్సులో వచ్చేవారు. గొంతు పెద్దది, నవ్వు తక్కువ. బెత్తం మాత్రం ఎప్పుడూ పట్టుకోలేదు. అలాగని మేం భయపడలేదని కాదు.

నేను రెండో క్లాసు. అమ్మానాన్న తెల్లారకముందే కూలికి వెళ్లి, పొద్దుగూకాక వచ్చేవాళ్లు. ఇద్దరికీ చదువు రాదు. బడిలో ఏం చెబుతున్నారో, నాకేం వచ్చిందో, ఏం రాలేదో వాళ్లకి తెలిసే దారి లేదు. టీచర్ ఏదైనా చెప్పాలంటే అటుగా పోయేవాళ్లతో కబురు పంపడమే.

ఒకరోజు మా వీధి మాణిక్యం పిన్నితో కబురు పంపారు. పాపకి గుణింతం బాగా రావట్లేదు, ఇంట్లో కాస్త చూసుకోమనండి అని. అంతే.

పిన్నికి గుణింతం అనే మాట తెలియదు. తెలిసిన మాట గుణం. మా ఇంటికి చేరేసరికి ఆ కబురు ఇలా తయారైంది: "మీ పిల్ల గుణం బాగోలేదంట. ఇంట్లో చూసుకోమంది టీచరమ్మ."

ఇప్పుడు చెబితే అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతూనే చెబుతుంటాను. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

నాన్న నన్ను కొట్టలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. నా మొహం చూడటం మానేశాడు. రోజూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తినే మనిషి, కంచం పట్టుకుని బయట అరుగు మీదకి వెళ్లిపోయాడు.

అమ్మ ఏం దొంగిలించావే, ఎవర్నేం తిట్టావే అని గుచ్చి గుచ్చి అడిగింది. ఏం చెప్పాలో తెలియక ఏడ్చాను. ఏడ్చేసరికి తప్పు చేశానని ఖాయమైపోయింది.

తెల్లారాక నాన్న తేల్చేశాడు. "ఇంక బడి లేదు. కొల్లూరులో మీ అత్త దగ్గరికి పో. దాని పిల్లాణ్ని ఎత్తుకుని ఉందువుగాని."

అత్త వాళ్లది ఏటి మధ్య లంకలో అరటి తోట పని. అక్కడికి వెళ్లిన ఏ పిల్లా మళ్లీ పలక పట్టుకోవడం నేను చూడలేదు.

నేను బడికి రాకపోయేసరికి టీచర్ ఆరా తీశారు. సాయంత్రం తన బస్సు వదిలేసుకుని మరీ మా ఇంటికొచ్చారు. అప్పటిదాకా మా వీధిలోకి ఏ టీచరూ అడుగు పెట్టలేదు. నాన్న భుజం మీద తువ్వాలు తీసి లేచి నిలబడ్డాడు.

"నేనేం కబురు పంపానో కాదండి, మీకేం అందిందో చెప్పండి" అన్నారు.

నాన్న అమ్మకేసి చూశాడు. అమ్మ చెప్పింది.

ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు. పొయ్యిలోంచి బొగ్గు ముక్క ఒకటి అడిగి, అరుగు మీద క కా కి కీ అని రాసి, ఆ పెద్ద గొంతుతో చదివి వినిపించారు.

"ఇదండీ గుణింతం. గుణానికీ దీనికీ ఏం సంబంధం లేదండి. మీ పిల్ల బంగారం. కె, కే దగ్గర తడబడుతుంది, అంతే. గుణింతం అంటే ఏంటో మీకు ముందు చెప్పకపోవడం నా పొరపాటు."

"అయితే పిల్ల తప్పేం లేదాండి?" అన్నాడు నాన్న.

"లేదండి."

నాన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మర్నాడు నేను బడిలో ఉన్నాను.

ఆ తర్వాత ఆవిడ ఎవరితోనూ కబురు పంపలేదు. శనివారం సాయంత్రం కూలి నుంచి వచ్చే వేళకి చర్చి ముందు చాప వేసుకుని కూర్చునేవారు. ఈ వారం ఏం నేర్పానో, వచ్చే వారం ఏం నేర్పుతానో, పిల్లలకి ఎంతవరకు వచ్చి ఉండాలో అమ్మానాన్నలకి విడమరిచి చెప్పేవారు.

"మీకు చదువు రాదని మొహమాటపడకండి. వంట చేసుకుంటూ చదివించుకోండి. ఎక్కడ ఆగారో మీ చెవికే తెలిసిపోద్ది" అనేవారు.

నాన్నకి ఒక్క అక్షరం రాదు. కానీ ఆ వరస చెవికి పట్టేసింది. నేను గబగబా అప్పజెప్పేసి ఆటకి పోదామనుకుంటే, గేదెని కట్టేస్తూనే "కై ఏదీ?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఇప్పుడు స్కూల్ గ్రూపుల్లో రోజంతా మెసేజ్‌లే. మంచిదే. కానీ తను చెప్పిన మాట ఆ ఇంటికి ఎలా చేరిందో చూసుకోవడానికి గుమ్మం దాకా వచ్చిన మనిషిని నేను ఈవిడనొక్కరినే చూశాను.

ఇవాళ బాపట్లలో సమాధి కార్యక్రమం. తెనాలిలో బస్సెక్కి, దారిలో ఇది టైప్ చేస్తున్నాను. నాన్న పక్కనే ఉన్నాడు. ఈ వయసులో ఎందుకులే అంటే వినలేదు, వస్తానని చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

పొన్నూరు దాటాక ఉన్నట్టుండి అన్నాడు:

"చదువు సంగతి అలా ఉంచు. ఆవిడ ఆ సాయంత్రం రాకపోతే, నేను చచ్చేదాకా నిన్ను చెడ్డ పిల్లవనే అనుకునేవాణ్ణమ్మా."

ఇన్నేళ్లూ ఆవిడ నా చదువు నిలబెట్టారనే అందరికీ చెప్పుకున్నాను. మా నాన్నని నాకు దక్కించింది కూడా ఆవిడేనని ఇప్పుడు తెలిసింది. ఆ మాట ఆవిడకి చెప్పే వీలు లేదు. ఏడుపు ఆగట్లేదు.

వెళ్లి రండి టీచర్ గారూ. ప్రభువు ఒడిలో మీకు నెమ్మది దొరకాలి.