మావయ్య మజ్జలో ఊరుకోని ప్రోటీను

మా మావయ్య అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారి. సన్నటి మనిషి, గట్టి గొంతు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆయన ఇంకా చిక్కిపోయాడు, పొట్ట మాత్రం ఎడమవైపు పెరిగింది. "లారీకి ఒకపక్కే లోడెత్తేరే అమ్మాయ్!" అని తనమీద తనే హాస్యమాడుకునేవాడు.

రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లున్నాయి. హైదరాబాదు వెళ్లమన్నారు. మావయ్యకు తోడుగా నేనూ, వద్దన్నా వినకుండా అమ్మమ్మా బస్సెక్కాం.

అక్కడి డాక్టరమ్మ ఎముక మజ్జ తీయించి పరీక్షించారు. "ఇదొక రకం రక్త క్యాన్సరండీ. జన్యువులో మార్పు వల్ల వచ్చింది" అన్నారు.

అమ్మమ్మ ముఖం పాలిపోయింది. "వాడిది నా రక్తమే కదమ్మా. నేనే ఇచ్చేనా ఈ రోగం?"

"మీరివ్వలేదండీ. పుట్టినప్పుడు ఇది ఆయనలో లేదు. తర్వాతెప్పుడో మజ్జలో ఒక్క కణంలో రెండు క్రోమోజోములు తెగి, ముక్కలు తారుమారుగా అతుక్కున్నాయి. ఆ అతుకులోంచి కొత్త ప్రోటీను పుట్టింది. మామూలు ప్రోటీనైతే అవసరమైనప్పుడే కణాన్ని రెండుగా చీలమంటుంది, ఆపైన ఊరుకుంటుంది. ఇది ఊరుకోదు."

అమ్మమ్మ మావయ్య వైపు చూసింది. "వాగుడుకాయకి వాగుడు జబ్బే వచ్చిందన్నమాట."

డాక్టరమ్మ నవ్వేశారు. "దాని నోరు మూయించే మాత్ర వచ్చిందండీ. ఆ ప్రోటీనులో ఉన్న గుంటలోకి దూరి కూర్చుంటుంది. రోజూ భోజనంతో వేసుకోవాలి, మానకూడదు."

నేను అమలాపురంలో ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెప్పేదాన్ని. క్రోమోజోము ముక్కలు తారుమారు కావడాన్ని ఏటా బోర్డు మీద రెండు రంగుల సుద్దతో గీసేదాన్ని. అది మావయ్య ఒంట్లో జరిగిందనేసరికి డాక్టరమ్మను మళ్లీ మొదట్నించీ చెప్పమన్నాను.

మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాలకే కణాలు తగ్గాయి, పొట్టా తగ్గింది. కాకపోతే మందు ప్రభావానికి కళ్లు ఉబ్బాయి. తోటి వ్యాపారులు ఆయన ఏడ్చాడనుకుని దగ్గరకొచ్చి, "ఇంట్లో ఏమైనా జరిగిందాండీ?" అని అడిగేవారు. "ఆయ్, మందు పనిచేస్తోందండీ!" అని మావయ్య వాళ్ల భుజాలే తట్టేవాడు.

కొన్నేళ్లు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఒక పరీక్షలో కణాలు మళ్లీ పెరిగాయి. ఒక్క పూటైనా మాత్ర మానలేదని మావయ్య ఒట్టేశాడు. డాక్టరమ్మ నమ్మారు. ఆ జన్యువులోనే ఇంకో చిన్న మార్పు వచ్చి ప్రోటీను ఆకారం మారిందనీ, పాత మాత్రకు అందులో చోటు లేకుండా పోయిందనీ చెప్పారు.

"ఈసారేమైనా నా వల్లేనామ్మా?" అంది అమ్మమ్మ. డాక్టరమ్మ లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. "ఈసారీ కాదండీ."

ఆ మారిన ఆకారంలోనూ ఇమిడే కొత్త మందు వస్తోందన్నారు. అది చేతికందేదాకా మావయ్య ఇంట్లో టీవీ కూడా తగ్గించి పెట్టేవారు. నేను ఆదివారాలు వెళ్లి ఆయన పక్కన ఊరికే కూర్చునేదాన్ని.

కొత్త మాత్ర వచ్చింది, పనిచేసింది. ఇప్పటికీ వేసుకుంటూనే ఉన్నాడు. పరీక్ష కోసం హైదరాబాదు వెళ్లాలంటే ఒకప్పుడు ముందు రోజే అన్నం మానేసేవాడు. ఇప్పుడు ముందు రోజే ఫోన్ చేసి, "అమ్మాయ్, ఈసారి బిర్యానీ ఎక్కడ తిందాం?" అంటాడు.