సీరియల్లోకి పోయిన మాట

ఆరేళ్ళు పీహెచ్‌డీ చేశాను, పూర్తి చేయలేదు. ఇప్పుడు టీవీ సీరియళ్ళకు మాటలు రాస్తాను. ఈ పని పేరు చెబితే అందరూ సంతోషిస్తారు. అప్పుడు చేసిన పని పేరు చెబితే మాత్రం, అది అయ్యాక ఉద్యోగం వస్తుందా అని అడిగేవాళ్ళు.

మా నాన్నకు కావలిలో టైలరింగ్ షాపు ఉంది. మేం ముస్లింలం, మా బంధువుల్లో తెలుగు ఎమ్మే చదివింది నేనొక్కదాన్నే. కొలతలిచ్చేందుకు వచ్చిన ప్రతివాళ్ళకూ మా నాన్న తన కూతురు డాక్టరు కాబోతోందని, అయితే సూదిమందు వేసే డాక్టరు కాదని చెప్పేవాడు.

పీహెచ్‌డీకి నేను తీసుకున్న విషయం, కావలికి తూర్పున సముద్రం మీద బతికే వాళ్ళ మాట. ఆదివారాలు బస్సెక్కి, ఆ తర్వాత షేర్ ఆటోలో అక్కడికి పోయేదాన్ని. ఒడ్డున ఒక అవ్వ చేపలు ఎండబోసి, కాకులు రాకుండా కాపలా కూర్చునేది. ఆమె కొడుకు పడవ మీద పోతాడు. మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసి, “మేం మాట్లాడేదాంట్లో రాసుకునేదానికి ఏముండాదమ్మా?” అంది. నాలుగు వారాలు తిరిగేసరికి ఆమే నాకోసం మాటలు దాచిపెట్టడం మొదలుపెట్టింది. నేను పోగానే, ఈ వారం మా అత్త అనే మాట ఒకటి గుర్తొచ్చిందని చెప్పేది. నీళ్ళు కూడా తాగనిచ్చేది కాదు.

ఆమె చెప్పినవాటిలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. మగవాళ్ళు పడవ నీళ్ళలోకి తోసేటప్పుడు వాళ్ళింటి ఆడవాళ్ళు “తడికాళ్ళతో రా” అంటారు. దారిలో ఎక్కడా ఆగకుండా, కాళ్ళు ఆరేలోపల ఇల్లు చేరమని దాని అర్థం. ఎదురుగా నిలబడి అనరు. పక్కకు చూస్తూ, పక్కింటివాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా అంటారు. ఆ ఒక్క మాట మీద మూడో అధ్యాయంలో నాలుగు పేజీలు రాశాను.

తర్వాత ఫెలోషిప్ ఆగిపోయింది. మా గైడుగారు రిటైరయ్యారు. కొత్తగా వచ్చిన ఆయన మూడో అధ్యాయం పద్ధతి ప్రకారం లేదని, మొత్తం మళ్ళీ రాయమని చెప్పారు. అప్పటికి నేనొక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి ఆ అధ్యాయం తెరిస్తే, నేను రాసిన వాక్యం నాకే అర్థమయ్యేది కాదు. మూసేసి పడుకునేదాన్ని. అలా ఏడాదిన్నర గడిచింది.

ఎమ్మేలో నాతో చదివిన ఒకామె హైదరాబాదులో సీరియళ్ళకు పని చేస్తోంది. కొత్త సీరియల్లో హీరోయిన్ అత్తగారిది మీ సముద్రపు ఒడ్డని, మీ వైపు మాట కావాలని ఫోన్ చేసింది. మా నాన్న షాపులో ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చుని ఒక మధ్యాహ్నం మూడు సీన్లు రాసి పంపాను. వాళ్ళకు నచ్చాయి. రెండు నెలలు తిరక్కముందే కాలేజీ మానేశాను.

యూనివర్సిటీ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి ఆఖరి రోజున నేను పోలేదు. ఆ సాయంత్రం మా నాన్న జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే చెప్పాను.

“ఇంక ఆ పుస్తకం రాయవా?” అన్నాడు.

“రాయను నాన్నా.”

“అలిసిపోయినావా?”

అవునన్నాను. ఆయన దారం కొరికి, ఇంకో హుక్కు తీసుకున్నాడు. ఆ తర్వాత షాపుకొచ్చిన వాళ్ళతో డాక్టరు సంగతి ఎత్తగా నేను వినలేదు.

సీరియల్లో అత్తను నేను ఆ అవ్వను తలుచుకునే రాశాను. అయితే ఆమె కోప్పడే సీన్లు జనానికి బాగా నచ్చాయి. ఇకనుంచి ఆమెను చెడ్డది చేయమన్నారు. తుఫాను వస్తుందని తెలిసీ సవతి కొడుకును సముద్రం మీదికి పంపే సీను రాయాల్సివచ్చింది. మెల్లగా అన్నా ఒళ్ళు జలదరించే మాట ఒకటి కావాలన్నారు. పొద్దుటినుంచి కూర్చున్నా ఏమీ తోచలేదు. భోజనాల వేళకు అవ్వ చెప్పిన ఆ తడికాళ్ళ మాట గుర్తొచ్చింది. టైప్ చేశాను. ఏం చేస్తున్నానో అప్పుడు నాకు తెలియదని చెబితే అబద్ధమే అవుతుంది.

ఆ సీను వచ్చిన వారానికల్లా జనం ఆ మాటను ఫోన్లలో ఒకరికొకరు నవ్వులాటకు పంపుకున్నారు.

కొన్ని నెలలకు స్వీట్ల డబ్బా పట్టుకుని అవ్వ దగ్గరికి పోయాను. అదే ఇసుకలో చేపలు తిరగేస్తోంది. నన్ను కూర్చోబెట్టుకుని, సీరియల్ రోజూ చూస్తున్నామని, నా పేరు పడేటప్పుడు ఇంట్లో అందరికీ చూపిస్తానని చెప్పింది. చేపల మీద వాలబోయిన కాకిని తోలి, “ఆ మాట మాత్రం మా కోడలు అననియ్యడంలేదమ్మా” అంది.

ఏ మాటని నేను అడగలేదు.

“నా కొడుకు పడవెక్కేటప్పుడు అన్నా. కోడలు నా చెయ్యి పట్టుకుని, టీవీలో ఆ ముండ అంటాదే, ఆ మాట నువ్వనొద్దత్తా అని ఏడ్చినాది. దానికి భయం. చిన్నపిల్ల గదా, దానికేం తెలుస్తాది.”

తప్పు నాదేనన్నాను. నువ్వేం చేస్తావు, నీకు ఆ పని ఇచ్చినారు అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని ఎదురుచూశాను.

“మరి ఇప్పుడు ఏమంటున్నావు అవ్వా?”

“ఏమీ అనను. ఊరికే నిలబడుకోనుంటా.”

ఇంటికొచ్చి డైరెక్టరుకు ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. సీరియల్లో అన్నిటికన్నా జనంలోకి పోయిన మాట అదేనని, ఎలాగూ ఆ పాత్ర వచ్చే నెల జైలుకు పోతుంది కదా అని అన్నారు. ఆమె జైలుకు పోయే సీను కూడా నేనే రాశాను, బాగా వచ్చిందన్నారు.

ఒకరోజు మూడో అధ్యాయం తెరిచి ఆ నాలుగు పేజీలు చదువుకున్నాను. తప్పులేమీ కనిపించలేదు. అవి నేను, మా గైడుగారు, పద్ధతి బాగాలేదన్న ఆయన తప్ప ఎవరూ చదవలేదు.

మా నాన్న ఇప్పుడు సగం పూటే షాపు తెరుస్తాడు. నేను సంపాదిస్తున్నాను కాబట్టి ఆయన కళ్ళకు విశ్రాంతి దొరికింది. మళ్ళీ ఒడ్డుకు పోవాలని చాలాసార్లు అనుకున్నాను, పోలేదు. ప్రస్తుతం రాస్తున్న సీరియల్లో అందరూ నగరంలోనే ఉంటారు, పెద్ద పెద్ద హాళ్ళలో నిలబడి మాట్లాడుకుంటారు. వాళ్ళ మాటలకోసం నేను ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు.