జపాన్ డోలుకు వెంకటరాజం అతుకు

కల్వకుర్తిలో శ్రీశైలం రోడ్డు మీద మూడంతస్తుల బిల్డింగొకటి ఉంది. కింద బిర్యానీ, నడుమ బట్టల షోరూం, పైన ‘దివాకర్ ఫన్ వరల్డ్’. వరల్డ్ అన్నారు గానీ మరీ పెద్దదేం కాదు. గాలి నింపిన జారుడుబండ, ఊగే గుర్రాలు రెండు, వేసిన బంతి తిరిగి ఇవ్వని బాస్కెట్‌బాల్ మిషన్. ఈ ప్రపంచంలో టికెట్లు చింపేవాడు, నేల తుడిచేవాడు, కరెంటు పోతే జనరేటర్ వేసేవాడు, బిర్యానీ తిని గుర్రమెక్కిన పిల్లలు కక్కితే కడిగేవాడు, అందరూ ఒక్కడే. పేరు వెంకటరాజం, వయసు యాభై నాలుగు.

కొల్లాపూర్ దిక్కు ఒక పల్లెలో ఆయన ముప్పై ఏండ్లు మగ్గం నేశాడు. నేత సంగతి ఎట్లున్నా, ఆయన అతుకు గురించి చుట్టు నాలుగూళ్ళు చెప్పుకునేవి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల చుట్ట, అయిపోతే, కొత్త పడుగును పాతదాని కొసలకు పోగుకు పోగు అతకాలి. మొత్తం నాలుగు వేల పోగులు. వేళ్ళకు ఇంత బూడిద రాసుకొని, రెండు కొసలు కలిపి ఒక్క మెలిక తిప్పాలి. ముడి వేస్తే అది పోయి దువ్వెనలాంటి అచ్చులో ఇరుక్కుంటుంది. వెంకటరాజం అతికితే అతుకెక్కడుందో మళ్ళీ ఆయనకే దొరకదనేవాళ్ళు. అంత గొప్పవాడు కాబట్టి దూరం నుంచి పిలిపించి, పని చేయించుకొని, చాయ్ తాగించి పంపేవాళ్ళు.

తెలంగాణ వచ్చింది. చేనేతకు మంచి రోజులొచ్చాయని పెద్ద పెద్ద బోర్డులు పెట్టారు. ఆ బోర్డు చదివిన రెండేండ్లకు వెంకటరాజం మగ్గం విప్పి అటకెక్కించి, భార్య ఉప్పలమ్మను తీసుకొని కల్వకుర్తిలో కిరాయి ఇంట్లో దిగాడు. ఆమెకు హాస్టల్లో వంటపని దొరికింది, ఆయనకు వినోదరంగంలో ఉద్యోగం దొరికింది.

ఫన్ వరల్డ్ యజమాని దివాకర్‌కు అసలు వ్యాపారం ప్లాట్లు. పశువులు మేసే కంచె భూమిలో రాళ్ళు పాతి, దానికొక ఇంగ్లీషు పేరు పెట్టి అమ్ముతాడు. చూడవచ్చినవాళ్ళ పిల్లలు ఎండకు ఏడిస్తే బేరం తెగదు కాబట్టి ఈ ఆటల కొట్టు పెట్టాడు. పోయినేడు వానాకాలంలో అతడు జపాన్ నుంచి సరికొత్త గేమ్ మిషన్లు దింపాడు. ఒకదాని వెనక ఏ జపాన్ పిల్ల అతికించిందో, పిల్లి స్టిక్కరు సగం చినిగి ఉంది. వాళ్ళకు పాతబడి విసుగొచ్చింది మనకు సరికొత్తదే గదా, అందులో అబద్ధమేమీ లేదు.

వచ్చినవాటిలో బొమ్మను గోళ్ళతో పట్టుకొని మనకు ఇవ్వకుండా వదిలేసే గాజుపెట్టె ఒకటి. ఉన్నచోటు నుంచి కదలకుండా గంటకు మూడు వందల కిలోమీటర్లు పోయే కారు ఇంకొకటి. కానీ దివాకర్ ప్రాణమంతా డోలు గేమ్ మీద ఉంది. పక్కపక్కన రెండు పెద్ద డోళ్ళు, ఎదురుగా తెర. ఎడమ డోలు వాడికి తెరమీద పై వరుస, కుడి డోలు వాడికి కింది వరుస. ఎర్ర గుండ్రం వస్తే డోలు నడుమ, నీలం గుండ్రం వస్తే అంచు మీద కర్రలతో కొట్టాలి. తాళం తప్పకుండా కొట్టినవాడి వరుసలో పటాకులు పేలుతాయి, అంకెలు ఎగురుతాయి.

దసరాకు ఓపెనింగ్ పెట్టుకున్నారు. జిల్లాలో ఒక పెద్ద నాయకుడు ముఖ్య అతిథి. దివాకర్ ప్లాట్ల ఫైలు ఉగాది నుంచి ఆయన చేతికింద గాఢనిద్రలో ఉంది. అందాకా మిషన్లను దుమ్ము పట్టకుండా చూసే బాధ్యత వెంకటరాజానికి పడింది. బాధ్యత ఇస్తే ఆయన ప్రాణమైనా బీరువాలోంచి తీసి ఇచ్చే రకం. ఎవరూ కొనక ఇంట్లో మిగిలిపోయిన నూలుబట్ట, చేత్తో గంజి పెట్టి నేసింది, అట్టలాగా నిలబడేది, అదంతా తెచ్చి మిషన్లకు కప్పాడు. డోలు గేమ్‌కైతే వెనక రంధ్రాల్లోకి కూడా కుక్కాడు. దివాకర్ చూసి మెచ్చుకున్నాడు.

గంజి బట్ట ఉన్న ఇంట్లో పిల్లి ఉండాలన్నది నేసేవాళ్ళ ఇండ్లల్లో పిల్లలకు కూడా తెలుసు. మగ్గం మానేసి ఏండ్లయింది కాబట్టి ఆ ఒక్క ముక్క వెంకటరాజం మరిచిపోయాడు. పక్కన పల్లికాయ గోదాములోని ఎలుకలు మరవలేదు. వచ్చాయి, గంజి తిన్నాయి, గంజి అయిపోయాక లోపలికి పోయి తీగలు తిన్నాయి.

దసరా ఎనిమిది రోజులుందనగా బట్ట తీస్తే బయటపడింది. దివాకర్ ఆ చిల్లుల బట్టను వెలుగుకు పట్టి చూశాడు.

“మిషిన్లకు కప్పినవా రాజం, ఎలుకలకు వడ్డించినవా?”

హైదరాబాదు నుంచి నవీన్‌కుమార్ అనే మెకానిక్ దసరా ముందు సాయంత్రానికి వచ్చాడు. వెనక తలుపు తీసి, టార్చి కొట్టి, డోళ్ళ నుంచి పెట్టెలోకి పోయే తీగలన్నీ తెగాయని, కొత్త సెట్టు జపాన్ నుంచి రావడానికి మూడు నెలలవుతుందని చెప్పాడు. నాయకుడి ఫ్లెక్సీలు అప్పటికే అచ్చయ్యాయి. దివాకర్ వెంకటరాజం వైపు తిరిగి, దసరా నాడు ఈ డోలు మోగకపోతే తెల్లారి నుంచి పనికి రావద్దన్నాడు. అరిచి చెప్పలేదు, అందుకే నిజమనిపించింది. రెండు నెలల కింద ఉప్పలమ్మ హాస్టల్లో మనుషుల్ని తగ్గించి ఆమెను కూడా తగ్గించారు. ఇప్పుడా ఇంటి పొయ్యి వెలగాలంటే ఈ డోలు మోగాలి.

“నేను అతుకుత సార్,” అన్నాడు వెంకటరాజం.

నవీన్‌కుమార్ నవ్వాడు. “ఇది చీర గాదు పెద్దాయనా.”

“చీరకైతే నాలుగు వేలుంటయ్ బిడ్డా. గివెన్ని?”

“అరవై నాలుగు.”

వెంకటరాజం నవ్వలేదు. కొలువు ఊడేటట్టున్నప్పుడు నవ్వడం బాగుండదు.

తీగలన్నీ నల్లవే, వెంట్రుకలకు అన్నలంత ఉన్నాయి. ఒక్కో డోలు తీగల మీద ఒకటి నుంచి ముప్పై రెండు దాకా అంకెలున్నాయి గానీ, ఏది ఎడమదో ఏది కుడిదో రాసి లేదు. ముందు డోళ్ళకు ఎదురుగా నిలబడి, అటునుంచి వచ్చే కొసలను ఎడమ డోలువి, కుడి డోలువి అని వేరుచేశాడు. తర్వాత మిషన్ వెనక్కి పోయి కూర్చొని, పెట్టెలోంచి వచ్చే కొసలను తన ఎడమ, తన కుడి అని వేరుచేశాడు. ముందు నిలబడ్డవాడి ఎడమ వెనక కూర్చున్నవాడికి కుడి అవుతుందని రెండో తరగతి పిల్లవాడు చెప్తాడు. కానీ నేతగాడు మగ్గానికి ఒక్క దిక్కే కూర్చొని, ఆ దిక్కే ముసలివాడవుతాడు. అతని ఎడమ పుట్టినప్పటి నుంచి ఒక్కచోటే ఉంటుంది. బూడిద రాసుకొని అరవై నాలుగు మెలికలు తిప్పాడు. నల్ల టేపును పోగులాగా సన్నగా చీరి ఒక్కొక్క దానికి చుట్టాడు. దసరా పొద్దున, ముహూర్తానికి గంట ముందు పని అయింది. ఒక కర్ర ఆ డోలు మీద, ఒక కర్ర ఈ డోలు మీద ఒకేసారి వేసి చూశాడు. తెర మీద రెండు వరుసలూ వెలిగాయి. ఇంకేం చూడాలి?

నాయకుడు వచ్చాడు, కొబ్బరికాయ కొట్టాడు, ఎడమ డోలు ముందు నిలబడ్డాడు. కుడి డోలు దివాకర్‌ది. అతడు నెల రోజుల నుంచి ఫోన్లో వీడియోలు చూస్తూ, ప్లాస్టిక్ స్టూలు మీద రెండు అప్పడాల కర్రలతో ప్రాక్టీసు చేశాడు. పాట మొదలైంది. దివాకర్ ఒక్క దెబ్బ తప్పకుండా కొట్టాడు. నాయకుడు గుండ్రాలు పోయినంక కొన్ని, రాకముందు కొన్ని, ఫోటో కోసం కొన్ని కొట్టాడు. పటాకులన్నీ నాయకుడి వరుసలో పేలాయి. దివాకర్ వరుస మీద పీనుగ లేచిన ఇల్లులాగా చప్పుడు లేదు.

“ఏం తమ్మీ, నీ మిషిన్ల నువ్వే ఓడిపోతివి గదా,” అన్నాడు నాయకుడు, చెమట తుడుచుకుంటూ. జీవితంలో ఆయన ఏదైనా నేర్చుకోకుండా గెలవడం కొత్తేమీ కాదు గానీ, ఇంత తాళంతో గెలవడం అదే మొదలు. వారం తిరక్కముందే ఫైలు నిద్ర లేచింది.

వెనక నిలబడ్డ వెంకటరాజానికి రెండో దెబ్బకే సంగతి అర్థమైంది. ముప్పై ఏండ్లలో తప్పతుకు అదొక్కటే. జనం పోయినంక తనంత తానే దివాకర్‌తో చెప్పి, ఒక్క పూట టైమిస్తే సరిచేస్తానన్నాడు. దివాకర్ ముందు అర్థం కాక, తర్వాత అర్థమై, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

“గది తప్పు గాదు రాజం. గది నా నసీబు. ముట్టకు.”

అట్లా వెంకటరాజం కొలువు నిలబడింది. నిలబడడమే కాదు, ‘గేమ్ ఇన్‌చార్జి’ అని రాసిన ఎర్ర టీషర్టు, ఛాతీకి ఒక బ్యాడ్జి కూడా వచ్చాయి. నాలుగు వేల పోగులు సరిగ్గా అతికినప్పుడు చాయ్ దొరికింది, అరవై నాలుగు తప్పుగా అతికితే ప్రమోషన్ దొరికింది. ఉప్పలమ్మ బ్యాడ్జిని తిప్పి తిప్పి చూసి, ఉతికేటప్పుడు దీన్ని తియ్యాల్నా అని మాత్రం అడిగింది.

మామూలు జనం ఆడినప్పుడు పెద్ద గొడవలేం కాలేదు. బాగా కొట్టినవాడు ఓడేవాడు, కొట్టనివాడు గెలిచేవాడు. మన దగ్గర దానికి ఎవరూ అంతగా ఆశ్చర్యపోరు. కానీ డిగ్రీ కాలేజీ నుంచి అఖిల అనే పిల్ల తన దోస్తుతో కలిసి వచ్చేది. చెయ్యి మంచి చెయ్యి. వచ్చిన ప్రతిసారీ ఓడేది. నాలుగోసారి ఓడినంక కర్రలు పట్టుకొని వెంకటరాజం దగ్గరికొచ్చింది.

“అంకుల్, నేను కొట్టేది నాకు పడ్తలేదు. మిషిన్ ఖరాబుంది.”

“మిషిన్ మంచిగనే ఉందమ్మ. నీ తాళమే తప్పుతాంది.”

ఆ పిల్ల తన చేతులవైపు ఒకసారి చూసుకొని, కర్రలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత రాలేదు.

వెనకట చీరలు కొనే సేటు ఒకడుండేవాడు. కూలి తగ్గించాలనుకున్నప్పుడు చీర మడత కూడా విప్పకుండా ‘పోగు తప్పింది రాజం’ అనేవాడు. వెంకటరాజం ఇంటికొచ్చి తన వేళ్ళవైపే చూసుకునేవాడు. ఆ సేటు గొంతు తన నోట్లోంచి ఇంత సులువుగా, తడబడకుండా వచ్చినందుకు ఆయనకు రెండు రోజులు అన్నం సరిగ్గా దిగలేదు.

సోమవారం ఫన్ వరల్డ్‌కు సెలవు. తుడవడానికని పొద్దున్నే పోయి, వెనక తలుపు తీసి, అరవై నాలుగు అతుకులూ విప్పి, మళ్ళీ అతికాడు. ఈసారి వెనకకు ముందుకు పదిసార్లు తిరిగాడు, ఒక్కొక్క డోలు విడివిడిగా కొట్టి చూశాడు. ఎడమది ఎడమకే పడింది. దివాకర్‌కు చెబుదామని మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ అతడు “ప్లాట్ల కాడ ఉన్న, తర్వాత మాట్లాడు” అని పెట్టేశాడు. తర్వాత అన్నది గురువారం అయింది. ఆరోజు అతడు నేరుగా ఒక పెద్ద ఆఫీసరును, ఆయన భార్యాపిల్లలను వెంటబెట్టుకొని మెట్లెక్కి వచ్చాడు. రెండో ఫైలు ఆ ఆఫీసరు దగ్గర పడుకొని ఉంది. వెంకటరాజం ఎదురుపోయి “సార్, జర ఒక మాట” అన్నాడు. దివాకర్ ఆయనను చేత్తో పక్కకు జరిపి, ఆఫీసరు చేతికి కర్రలిచ్చాడు.

పాట మొదలైంది. ఆఫీసరును గెలిపించాలని దివాకర్ నిండు మనసుతో కొట్టాడు. పటాకులు తన వరుసలో పేలుతుంటే, అవి ఆఫీసరు దెబ్బలనుకొని, అబ్బో సారు బాగానే కొడుతున్నాడే, మనం ఇంకా గట్టిగా కొట్టకపోతే ఆయన ఓడిపోతాడని ఇంకా గట్టిగా కొట్టాడు. పాట అయిపోయేసరికి తన వరుసలో అంకెలకు చోటు సరిపోలేదు. ఆఫీసరు వరుసలో పెద్ద గుండుసున్నా నిలబడింది. ఆఫీసరు చిన్నకూతురు చప్పట్లు కొట్టింది. ఆయన కర్రలు జాగ్రత్తగా కింద పెట్టి, “మంచి ప్రాక్టీసుంది మీకు,” అని మెట్లు దిగాడు. బిర్యానీ కూడా తినలేదు.

దివాకర్ మెట్లెక్కి తిరిగొచ్చాడు. మిషన్‌ను ఎవరు ముట్టారని అడిగాడు.

“నేనే సార్. తప్పతుకు ఉండె. సరిచేసిన.”

“మళ్ళ తప్పు చెయ్యి. ఇప్పుడే గూసో. ఐతారం ఇంకో సారొస్తుండు. చెయ్యకుంటే ఆ అంగీ గీడనే ఇడిచి ఇంటికి పో.”

ఓడిపోవాలంటే కర్రలు కింద పెట్టి నిలబడితే చాలు, దానికి మిషన్ విప్పాల్సిన పనిలేదు. ఆ ముక్క దివాకర్‌కు తట్టలేదు. తట్టినా, తాళం తెలిసినవాడు చేతులు కట్టుకొని నిలబడడం కష్టమే.

వెంకటరాజం నిజంగానే కూర్చున్నాడు. ఇంట్లో బియ్యం డబ్బా గుర్తొచ్చి కూర్చున్నాడు. బూడిద రాసుకున్నాడు, తలుపు తీశాడు. ఒక తీగ పట్టుకున్నాడు. తర్వాత లేచి, బ్యాడ్జి తీసి గుర్రం మీద పెట్టాడు.

“తప్పుగ అతకుడు నాకు రాదు సార్. మొన్నటిది నాకు తెల్వక పడ్డది.”

టీషర్టు విప్పి తన అంగీ తొడుక్కొని పోయాడు. ఇంట్లో ఉప్పలమ్మ సంగతంతా విని తిట్టలేదు, అంతకంటే చెడ్డపని చేసింది. ఉన్న కొలువు ఎలుకల పాలు చేసి, దొరికిన కొలువు నీతి పాలు చేసిన మొగోడు కల్వకుర్తిలో నువ్వొక్కనివే ఉంటవయ్యా అని మెల్లగా అని, ఒక్క పిడికెడు బియ్యం తక్కువ పోసి వండింది.

శనివారం మధ్యాహ్నం ఆయనకు నవీన్‌కుమార్ ఫోన్ చేశాడు. అతుకులు మళ్ళీ తారుమారు చేయడానికి దివాకర్ అతణ్ణి హైదరాబాదు నుంచి పిలిపించాడట. అతడు పొద్దున్నుంచి మిషన్ వెనక కూర్చొని ఉన్నాడట.

“పెద్దాయనా, గీ అతుకులు యాడున్నయ్? టార్చి కొట్టి చూస్తున్న, ఒక్కటి దొరకుతలేదు.”

వెంకటరాజం ఫోన్ చెవి నుంచి తీసి, స్పీకర్ నొక్కి, పొయ్యి దగ్గరున్న ఉప్పలమ్మ వైపు పట్టాడు.

“సరిగ్గ ఇనవడ్తలేదు బిడ్డా. మళ్ళ చెప్పు.”

నవీన్‌కుమార్ మళ్ళీ, ఈసారి గట్టిగా చెప్పాడు. ఉప్పలమ్మ కూర కలుపుతూనే విన్నది. తెలిస్తే చెప్తానని వెంకటరాజం ఫోన్ పెట్టేసి ఆమె ముఖంలోకి చూశాడు.

“విన్న తియ్,” అన్నది ఉప్పలమ్మ. “అన్నం తిని పో. పెట్రోల్ బంకుల మనిషి కావాల్నంటున్నరు.”