రెప్పమీది మడత

కొరియాలోని బుసాన్ చేపల మార్కెట్‌లో డెబ్బై రెండేళ్ల పిల్‌సూన్ కత్తి పట్టేముందు రోజూ గోరంత టేపు ముక్కల్ని నెలవంకల్లా కత్తిరించి, చిటికెనవేలితో రెప్పలకు అంటించుకుంటుంది. పుట్టుకతో లేని మడత రెప్పమీద పడి కన్ను కాస్త పెద్దదిగా కనిపిస్తుంది. నలభై ఏళ్లుగా ఇదే అలవాటు. "ఈ వయసులో ఎవరి కోసం అక్కా ఈ సోకు?" అని పక్క దుకాణం మ్యోంగ్‌జా ఎకసెక్కమాడితే, "చేపల కోసమే! చచ్చాక కూడా కన్నార్పకుండా నన్నే చూస్తాయిగా," అంటుంది, పొలుసు గీకడం ఆపకుండా.

తాను పోయిన రోజున పూల మధ్య పెట్టాల్సిన ఫొటోను అక్కడి ముసలివాళ్లందరిలాగే ముందుగా తీయించుకోవడానికి మొన్న స్టూడియోకి వెళ్లింది. ఫొటోగ్రాఫర్ లైటు సరిచేస్తూ, "బామ్మా, ఆ టేపు మెరుస్తోంది, తీసెయ్యండి. మడత నేను కంప్యూటర్‌లో గీస్తాను. అచ్చం పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది," అన్నాడు.

"పుట్టుకతో రాలేదు నాయనా. రోజూ నా చేత్తో నేను పెట్టుకున్నది. నువ్వు గీస్తే అది నీదవుతుంది."

"చివరిచూపుకి వచ్చినవాళ్లందరికీ టేపు కనిపిస్తుంది మరి!"

"కనిపించనీ. దండం పెట్టి తలెత్తుతారుగా, అప్పుడు తేరిపార చూసుకోమను."

పిల్‌సూన్ చిటికెనవేలితో టేపు అంచులు మరోసారి నొక్కుకుని, కన్నార్పకుండా కెమెరాలోకి చూసింది.