పగకి వన్స్‌మోర్

ఈ రోజు బెజవాడలో ఒక మనిషి రెండుసార్లు చచ్చాడు.

యుద్ధం వల్ల రాత్రిళ్ళు దీపాలు పెట్టనివ్వడం లేదు కనుక నాటకం మధ్యాహ్నమే వేశారు. తన తండ్రిని చంపిన రాజు మీద ఒక కొడుకు పగ తీర్చుకునే కథ. నా పక్కన కూర్చున్న బట్టల కొట్టు సుబ్బయ్యగారు మొదటి అంకం నుంచీ పళ్ళు కొరుకుతూనే ఉన్నారు. చివరికి రాజు కత్తి కింద మోకరిల్లి, పసికూతుర్ని తలుచుకుంటూ పద్యం అందుకున్నాడు.

"ఏం వింటావురా, పొడిచెయ్!" అని సుబ్బయ్యగారు కేకేశారు.

పద్యం ముగిసింది, కొడుకు పొడిచాడు, పందిరంతా చప్పట్లు. రాజు గొంతు ఎంత బాగుందంటే, జనం వెంటనే "వన్స్‌మోర్!" అన్నారు. అందరికంటే గట్టిగా అరిచింది సుబ్బయ్యగారే. మన నాటకాల్లో ఇది మామూలే కదా. చచ్చిన రాజు లేచి, కిరీటం సర్దుకుని, మళ్ళీ మోకరిల్లి పాడాడు. కొడుకు మళ్ళీ కత్తెత్తాడు. ఈసారి ఎవరూ కేకెయ్యలేదు.

సుబ్బయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఇందాక పొడిచాడు కదండీ, మళ్ళీ ఎందుకండీ?"

"వన్స్‌మోర్ అన్నది మీరేగా?"

"పద్యం అడిగానండీ, చావు అడిగానా?"

కత్తి దిగింది. చప్పట్లు రాలేదు. సుబ్బయ్యగారు ఇంటిదాకా నాకు నాలుగడుగుల దూరంలో నడిచారు, పొడిచింది నేనే అయినట్టు!

మొదటి పోటు తండ్రి కోసమని నాకు తెలుసు. రెండోది ఎవరి కోసమో మీకు తోస్తే చెప్పండి.