కట్టయ్య తుపాకి, బక్కమ్మ వేళ్లు

వర్ధన్నపేట దాటి ఖమ్మం రోడ్డు మీద కొంతదూరం పోయి ఎడమకు తిరిగితే కట్టయ్య మక్క చేను వస్తుంది. ఆ చుట్టుపక్కల లైసెన్సున్న తుపాకి అతని దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. తండ్రి వెంకట్రాజం పంట కాపలాకని తీసుకున్న పాత ఇరవై రెండు బోర్ రైఫిల్ అది. తూటా చిన్నది, చప్పుడూ చిన్నదే. ఎండు పుల్ల విరిచినట్టు టప్పుమంటుంది. తండ్రి పోయాక లైసెన్సు కొడుకు పేరు మీదికి మారింది. తుపాకితోపాటు దాని రోగమూ వచ్చింది.

రోగమల్లా ట్రిగ్గరుదే. ఒక వేలితో గుంజితే కదలదు. పండ్లు బిగబట్టి రెండు వేళ్లతో గుంజితే కదులుతుంది గానీ, ఆ ఊపుకు గొట్టం పక్కకు తిరుగుతుంది. పెళ్లయిన కొత్తలోనే కట్టయ్య దీనికొక ఉపాయం కనిపెట్టాడు. తాను మంచె మీద బోర్లా పడుకుని, రెండు చేతులతో తుపాకి గట్టిగా పట్టుకుని గురి చూసేవాడు. భార్య బక్కమ్మ పక్కన కూర్చుని, రెండు చేతుల వేళ్లూ ట్రిగ్గరుకు తగిలించి, బావిలోంచి బొక్కెన లాగినట్టు లాగేది. కోతిని కొట్టాలన్న ఆలోచన ఇద్దరికీ లేదు. హనుమంతుడంటే భయం, ఫారెస్టోళ్లంటే ఇంకా భయం. చేను మూలనున్న మట్టిదిబ్బకే ఎప్పుడూ గురి. చప్పుడుకు కోతులు పోతే చాలనుకునేవాళ్లు. అవీ పోయేవి.

"జర కిందికి పట్టు."

"నువ్వు ముందు గుంజు."

"గుంజుతానే ఉన్న. నీ మోచెయ్యి అడ్డమొస్తాంది."

"నా మోచెయ్యి పుట్టినకాణ్ణుంచి గక్కడ్నే ఉంది."

ఇట్లా మాటలు అటు పుట్టింటిదాకా, ఇటు అత్తగారిదాకా పోయి, ఇద్దరి గొంతులూ లేచాక ఎప్పుడో తుపాకి పేలేది. పిల్లలు పెద్దవాళ్లై వేరే కాపురాలు పెట్టినా ఈ పద్ధతి మారలేదు.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి. మొన్నటి పంచాయతీ ఎన్నికలప్పుడు కట్టయ్య తుపాకిని దుప్పట్లో చుట్టుకుని పోయేసరికి అక్కడ కొత్త ఎస్సై ఉన్నాడు. పేరు రమాకాంత్. పద్ధతి మనిషి. లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకుని, ట్రిగ్గరు నొక్కాడు. రాలేదు. కానిస్టేబులు నొక్కాడు. రాలేదు. హోంగార్డొకాయన బల్లకు కాలు తన్నిపెట్టి గుంజితే బల్ల జరిగింది.

"పెద్దాయనా, ఇది పేల్తదా?" అన్నాడు రమాకాంత్.

"పేల్తది సార్."

"పేలకపోతే ఇది ఆయుధం కాదు. ఆయుధం కాకపోతే నేను డిపాజిట్ తీస్కోవద్దు. తీస్కోకపోతే ఎలక్షన్ల టైంల తుపాకి నీ దగ్గరున్నట్టు. అప్పుడు కేసు వెట్టాలె."

కట్టయ్యకు కేసన్న మాట ఒక్కటే అర్థమైంది. ఇంటికి ఫోన్ చేశాడు.

బక్కమ్మ ఆటో దిగి వచ్చి, విషయం విని, కొంగు నడుముకు దోపుకుంది. కట్టయ్య ఠాణా అరుగు మీద బోర్లా పడుకుని, ఎదురుగా ఉన్న ఇసుక బస్తాకు గురి పెట్టాడు. ఆమె పక్కన కూర్చుంది. మోచెయ్యి గొడవ మొదలైంది. సారు ముందరైనా జర మర్యాదగా గుంజమని ఆయన, సారుకు నీ సంగతి తెలవాలని ఈమె. చివరికి 'టక్' మని ఖాళీ తుపాకి పలికింది. కానిస్టేబులు చప్పట్లు కొట్టబోయి ఎస్సై మొహం చూసి ఆగాడు.

"లైసెన్సు ఎవరి పేరు మీదుంది?" అన్నాడు రమాకాంత్.

"నా పేరు మీదనే సార్."

"గుంజిందెవరు?"

"మా ఆడామె."

"అంటే ఇన్నేండ్ల సంది లైసెన్సు లేని మనిషి పేలుస్తాంది."

"గురి నాదే కద సార్."

"గురికి లైసెన్సు అక్కర్లేదు. వేలికి కావాలె."

బక్కమ్మ తన చేతులు చూసుకుంది. "ఎన్ని వేళ్లకు సారూ?" అని అడిగింది. ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే అడిగింది. ఆ సంగతి రమాకాంత్‌కు ట్రైనింగులో చెప్పలేదు. ఎన్నికలయ్యాక తుపాకి బాగుచేయించమనీ, లైసెన్సున్న మనిషే గుంజేటట్టు ఉండాలనీ చెప్పి డిపాజిట్ తీసుకున్నాడు.

పోలింగ్ ముగిసి తుపాకి చేతికొచ్చాక ఇద్దరూ వరంగల్ పోయారు. మండిబజార్ వెనుక సందులో అబ్దుల్ కరీం దుకాణం. తుపాకులు బాగుచేసే లైసెన్సు ఉంది గానీ తుపాకులే రావు. చుట్టూ కుట్టుమిషన్లు పెట్టుకుని కూర్చుంటాడు. కరీం తుపాకికున్న కట్టె భాగం విప్పి, ట్రిగ్గరు భాగం బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు నుదుటి మీది నుంచి దించుకున్నాడు.

"దీంట్ల ఏం పోసిండ్రు?"

"కొబ్బరినూనె," అంది బక్కమ్మ. "ఏటేటా పోస్తా."

"జిగురైంది. సరే గది కడుగుతే పోతది. గీ స్ప్రింగు మాత్రం దీన్ది కాదు. కుట్టుమిషన్ది." మళ్లీ దగ్గరగా చూసి నవ్వాడు. "అరె, నేను వెట్టిందే ఇది. మీ నాయిన వెంకట్రాజం పటేలు పెట్టిచ్చిండు. 'మావోనికి తొందరెక్కువ భాయ్, వాని చేతిల పేలకుంట చెయ్యి' అన్నడు."

కట్టయ్య లేచి బయటికి పోయి మెట్టు మీద కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. ఎప్పుడో చనిపోయిన తండ్రి మీద ఇప్పుడు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరికి చెప్పాలో తెలియలేదు. బక్కమ్మ చాయ్ తెచ్చిస్తే తాగలేదు.

"నన్ను అడిగిండా ఆయన?" అన్నాడు.

"అడుగుతె నువ్వు తొందరవడ్తవనుకున్నడేమో," అంది ఆమె.

లోపలి నుంచి కరీం పిలిచాడు. "కట్టయ్యా, ఇప్పుడు తొందర తగ్గిందా? తగ్గితేనే తీస్త."

"తగ్గలే కరీం సాబ్," అంది బక్కమ్మ. "అయినా తియ్యి. పోలీసోళ్లు ఒప్పుకుంటలేరు."

కరీం పాత స్ప్రింగు తీసేసి సరైనది వేశాడు. జిగురు కడిగి, ఇనుము ఒకదానికొకటి రాసుకునే చోట సన్నటి రాయితో పైపైన నునుపు చేశాడు. ఎక్కువ రుద్దితే తుమ్మినా పేలుతుందని చెప్పి అక్కడికే ఆపాడు. ఖాళీ తుపాకి వెనకవైపు కట్టెను నేలకేసి పలుమార్లు కొట్టి, ట్రిగ్గరు దానంతటది జారడం లేదని చూసుకున్నాక కట్టయ్య చేతికిచ్చాడు. కట్టయ్య ఒక్క వేలు పెట్టాడు. టక్కుమంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ టక్కుమంది. మెట్టు మీది కోపం సగం పోయింది.

తెల్లారి చేనుకు ఒక్కడే పోయాడు. బక్కమ్మ రాలేదు, వేలికి లైసెన్సు లేదంది. కోతులు కంకులు విరుస్తున్నాయి. కట్టయ్య మంచె మీద పడుకుని, దిబ్బకు గురి చూసి, అలవాటు ప్రకారం "ఊఁ గుంజు" అన్నాడు. ఎవరూ గుంజలేదు. తానే గుంజాలని గుర్తొచ్చి వేలు పెట్టాడు. టప్పుమంది. తూటా దిబ్బలో దిగింది. కోతులు తలెత్తి చూశాయి. ఎక్కడో పుల్ల విరిగిందనుకున్నాయేమో, మళ్లీ కంకుల్లో పడ్డాయి. ఇంకోటి పేల్చాడు. ఈసారి తలైనా ఎత్తలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చాడు.

"పేలిందా?" అంది బక్కమ్మ.

"పేలింది."

"కోతులో?"

"తింటానయి."

మరునాడు ఆమె వెంట వచ్చింది. మంచెకు దూరంగా కూర్చుని, తుపాకి తాకకుండా, "గట్ల వట్టుకుంటె ఏం పేల్తది" అంది. ఆయన ఒక మాటన్నాడు. ఆమె రెండన్నది. మాటల్లోకి మోచెయ్యి వచ్చింది, అత్తగారొచ్చింది, ఈసారి కొత్తగా మామగారు పెట్టించిన స్ప్రింగు కూడా వచ్చింది. గొంతులు లేచేసరికి కోతులు పిల్లల్ని పొట్టకు హత్తుకుని గట్టు దాటి పోయాయి. కట్టయ్య ఇంకా తూటా పెట్టనే లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత తుపాకి ఇంట్లోనే ఉండిపోయింది.

ఈ సంగతి పక్క చేను కుమారస్వామికి తెలిసింది. ఆయన చేను కోతులు సగం ఖాళీ చేశాయి.

"వదినా, రేపు జర మా చేన్ల కొట్లాడుండ్రి," అని అడిగాడు.

కాదనలేక పోయారు. కుమారస్వామి కొత్త చాప వేశాడు, మంచినీళ్లు పెట్టాడు. పరాయి మంచె మీద ఇద్దరూ సర్దుకుని కూర్చున్నారు. కట్టయ్య మోచెయ్యి చాపాడు. ఆమె మారుమాట లేకుండా జరిగి చోటిచ్చింది. నీకు ఎండ తగుల్తాంది, ఇటు రా అన్నాడాయన. ఫర్వాలేదు, నువ్వు కూసో అంది ఆమె. కోతులు దిగి వచ్చి, వాళ్లకెదురుగా కూర్చుని కంకులు ఒలుచుకున్నాయి. కుమారస్వామి చాలాసేపు చూసి, ఇద్దరికీ చాయ్ పోసిచ్చి పంపించి, రేకు డబ్బా వెతుక్కొచ్చి తానే కొట్టడం మొదలుపెట్టాడు.